ఆల్ఫా లిపోయిక్ ఆమ్లము: శరీరములో దాని పని, చికిత్సలో దాని స్థానము

చక్కెర వ్యాధి అని వాడుకలో చెప్పబడు మధుమేహము చాలకాలముగా ఉన్నవారిలో అనేకులు ఒక బాధను చెప్పుకొనుచుందురు. పగలు పనిలో ఉన్నంతసేపు అది అంతగా తెలియదు. రాత్రి పండుకొనగానే అరికాళ్ళు మంటలెత్తును. చీమలు ప్రాకినట్లు, సూదులు గ్రుచ్చినట్లు ఉండును. పైనున్న దుప్పటి తగిలినను ఓర్వజాలరు. కొంతకాలమునకు ఈ మంట తగ్గి, పాదములు తిమ్మిరెక్కి మొద్దుబారును. మంట తగ్గినదని రోగి సంతోషించును గాని, నిజమునకు అది మరింత అపాయకరమైన దశ. స్పర్శజ్ఞానము పోయిన పాదములో ముల్లు గ్రుచ్చుకొన్నను, చెప్పు ఒరసికొని పుండు పడినను తెలియదు. తెలియని పుండు ముదిరి, తుదకు వ్రేలునో పాదమునో తీసివేయవలసిన స్థితి వచ్చుటయు కలదు.

ఇట్టి రోగుల మందుచీట్లలో తరచు కనిపించు పేరు ఆల్ఫా లిపోయిక్ ఆమ్లము. మన దేశములో ఇది మిథైల్ కోబాలమిన్ అను బి12 విటమిను రూపముతోను, ఇతర విటమినులతోను కలిపి మాత్రలుగా విరివిగా అమ్ముడగుచున్నది. "నరముల బలమునకు" అని చెప్పి దీనిని కొని వాడువారును కలరు. ఇంతకు ఈ పదార్థమేమి? శరీరములో దీని పని యేమి? మందుగా తీసికొన్నప్పుడు ఎంతవరకు ఉపకరించును? ఈ ప్రశ్నలకు నేటి విజ్ఞానము ఇచ్చు సమాధానము తెలిసికొనదగినది.

కనుగొనిన విధము

క్షీరామ్ల బాక్టీరియాలు, అనగా పాలను పెరుగుగా తోడుకొనజేయు జాతికి చెందిన సూక్ష్మజీవులు, పెరుగుటకు తెలిసిన విటమినులన్నిటిని అందించినను మరియేదో ఒక పదార్థము అవసరమగుచున్నదని 1930 దశకములో శాస్త్రజ్ఞులు గమనించిరి. బంగాళాదుంపల సారమును కలిపినచో అవి చక్కగా పెరిగినవి. తరువాత, కాలేయములోను ఈస్టులోను అట్టి పదార్థమే కలదని తేలినది. అయితే అది ఎంత స్వల్పముగా ఉండెననగా, దానిని వేరుచేయుట ఎన్నో ఏండ్లు సాధ్యము కాలేదు.

అమెరికాలో టెక్సాస్ విశ్వవిద్యాలయమునకు చెందిన లెస్టర్ రీడ్, అతని సహచరులు 1951 లో దీనిని స్ఫటిక రూపమున వేరు చేసిరి. ఇందులకు వారు వాడినది సుమారు 10 టన్నుల పశువుల కాలేయపు పిప్పి. లభించినది కేవలము 30 మిల్లీగ్రాముల లేతపసుపు స్ఫటికములు. అనగా 33 కోట్ల పాళ్ళలో 1 పాలు మాత్రమే! గడ్డివామిలో సూదిని వెదకుట దీనికంటె సులభము.

ఈ పదార్థము నీటిలో దాదాపు కరగక, క్రొవ్వును కరగించు ద్రావణులలో కరగును. గ్రీకు భాషలో 'లిపోస్' అనగా క్రొవ్వు. అందుచేత దీనికి లిపోయిక్ ఆమ్లమని పేరిడిరి. సారములో ఇట్టి పనిచేయు పదార్థములు రెండు కనిపించుటచే మొదటిదానిని ఆల్ఫా అనియు, రెండవదానిని బీటా అనియు వ్యవహరించిరి. బీటా అన్నది మొదటిదే ఆమ్లజనితో కూడి మారిన రూపమని తరువాత తెలిసినది. థయోక్టిక్ ఆమ్లము అనునది దీనికే మరియొక పేరు. గంధకమును, ఎనిమిది కర్బన పరమాణువులను సూచించు పదముల నుండి ఆ పేరు పుట్టినది.

నిర్మాణము

లిపోయిక్ ఆమ్లపు అణువులో 8 కర్బన పరమాణువులు వరుసగా గొలుసువలె ఉండును. ఒక కొసన ఆమ్ల సముదాయము ఉండును. రెండవ కొస వైపున 6వ, 8వ కర్బనములకు ఒక్కొక్క గంధక పరమాణువు తగిలియుండును. ఆ రెండు గంధకములును పరస్పరము చేతులు కలుపుకొనుటచే అచ్చట ఐదు పరమాణువుల చిన్న వలయము ఏర్పడును. ఈ అణువు శక్తియంతయు ఈ వలయములోనే కలదు. రెండు ఉదజని పరమాణువులు లభించినచో వలయము విడిపోవును. అప్పుడు దానిని డైహైడ్రో లిపోయిక్ ఆమ్లమందురు. ఆ ఉదజనులను మరియొకదానికి ఇచ్చివేసినచో వలయము మరల మూసికొనును. ఇట్లు తలుపువలె తెరచుకొనుచు మూసికొనుచు ఉండుటయే దీని ప్రత్యేకత.

ఇంకొక విశేషము కలదు. 6వ కర్బనము చుట్టును నాలుగు వేర్వేరు సముదాయములు ఉండుటచే ఈ అణువునకు కుడిచేయి, ఎడమచేయి వంటి రెండు రూపములు సాధ్యమగును. ఒకదానిని ఆర్ రూపమనియు, రెండవదానిని ఎస్ రూపమనియు అందురు. ప్రకృతిలో జీవులు తయారుచేసికొనునది ఆర్ రూపము మాత్రమే. కర్మాగారములో సాధారణ పద్ధతిచే తయారుచేసినపుడు రెండును సమానముగా వచ్చును. అంగడిలో దొరకు మాత్రలలో ఎక్కువభాగము ఇట్టి మిశ్రమముతో చేసినవే.

జీవకణములో పని

మనము తిన్న అన్నములోని పిండిపదార్థము గ్లూకోజుగా మారి, రక్తము ద్వారా కణములను చేరును. అచ్చట గ్లూకోజు విడిపోయి పైరువిక్ ఆమ్లమగును. ఇంతవరకు లభించు శక్తి స్వల్పము. మిగిలిన శక్తి లభింపవలెనన్నచో పైరువిక్ ఆమ్లము కణములోని మైటోకాండ్రియాలలో ప్రవేశించి, బొగ్గుపులుసు వాయువును విడిచి, రెండు కర్బనముల అసిటైల్ సముదాయముగా మారి, సహ ఎంజైము 'ఎ' అనుదానిని చేరవలెను. ఈ మార్పును చేయునది మూడు ఎంజైముల కూటమి.

మొదటి ఎంజైము బి1 విటమిను, అనగా థయమిన్, సహాయమున బొగ్గుపులుసు వాయువును తొలగించును. రెండవ ఎంజైమునకు లిపోయిక్ ఆమ్లము ఒక పొడవాటి చేయివలె అతుకుకొనియుండును. పొలములో ఏతము త్రొక్కుట చూచినవారికి దీని పని సులభముగా బోధపడును. ఏతపు బాన నూతిలోనికి దిగి నీరు నింపుకొని, పైకి లేచి కాలువలో క్రుమ్మరించి, మరల దిగునుగదా! అట్లే ఈ చేయి మొదటి ఎంజైము వద్దకు వంగి అసిటైల్ సముదాయమును అందుకొని, తిరిగి వచ్చి సహ ఎంజైము 'ఎ'కు అందించును. ఈ పనిలో దాని వలయము తెరచుకొని రెండు ఉదజనులు దానిపై నిలిచిపోవును. మూడవ ఎంజైము వాటిని తీసివేయగా వలయము మూసికొని, చేయి మరల పనికి సిద్ధమగును. ఈ పని క్షణక్షణము మన శరీరములో మైటోకాండ్రియాలు గల కణములన్నిటియందును జరుగుచునే ఉండును.

1835 లో మద్రాసులో మాల్కంసన్ అను వైద్యుడు బెరిబెరి వ్యాధిని గూర్చి ఒక గ్రంథము ప్రకటించెను. నాటి ఉత్తర సర్కారు జిల్లాలు ఈ వ్యాధికి పేరుపడినవి. బియ్యమును మిక్కిలి తెల్లగా చేసినపుడు తవుడుతోబాటు థయమిన్ పోవుటయే ఈ వ్యాధికి కారణమని చాలకాలము తరువాత తెలిసినది. థయమిన్ లేనిచో పైన చెప్పిన కూటమిలో మొదటి ఎంజైము ఆగిపోవును. పైరువిక్ ఆమ్లము పేరుకొనిపోవును. శక్తిని ఎక్కువగా వినియోగించు నాడులు, గుండె ముందుగా దెబ్బతినును. లిపోయిక్ ఆమ్లము థయమినునకు ప్రక్కనే నిలిచి పనిచేయు సహచరుడని దీనినిబట్టి గ్రహింపవచ్చును.

అయినను లిపోయిక్ ఆమ్లము విటమిను కాదు. విటమినులు ఆహారము ద్వారా లభింపవలసినవి. లిపోయిక్ ఆమ్లమునో, మన శరీరము ఎనిమిది కర్బనముల క్రొవ్వు ఆమ్లము నుండి తనకు తానే తయారుచేసికొనును. మొదట ఆ క్రొవ్వు ఆమ్లమును ఎంజైమునకు అతికించి, పిమ్మట దానిపై గంధకములను చేర్చును. కావున ఆరోగ్యవంతులకు దీని కొరత అనునది సాధారణముగా ఉండదు.

పాషాణమునకు విరుగుడు

ఈ గంధకముల జంటకు గల ప్రాముఖ్యమును ఒక విషము బయటపెట్టినది. పాషాణములోని ఆర్సెనిక్ మూలకము పక్కపక్కనే ఉన్న రెండు గంధకములను గట్టిగా పట్టుకొనును. అట్లు పట్టుబడిన లిపోయిక్ ఆమ్లపు చేయి కదలజాలదు. పైరువిక్ ఆమ్లపు మార్పు ఆగిపోవును.

రెండవ ప్రపంచయుద్ధకాలములో, ఆర్సెనిక్ గల లూయిసైట్ అను విషవాయువునకు విరుగుడు కొరకు ఆక్స్‌ఫర్డులో రుడాల్ఫ్ పీటర్సు, అతని సహచరులు పరిశోధనలు చేసిరి. విషమునకు రెండు గంధకముల జంటనే ఎరగా చూపినచో, అది ఎంజైములను విడిచి ఆ జంటను పట్టుకొనునని వారు తలచిరి. ఆ తలంపు ఫలించి డైమెర్‌కాప్రాల్ అను మందు వెలువడినది. ఆర్సెనిక్ మున్నగు లోహవిషములకు వైద్యులు దానిని వాడుచు వచ్చిరి. కణములో ఆ జంటను ధరించియున్నది లిపోయిక్ ఆమ్లమని తెలిసినది మాత్రము ఆ తరువాతనే.

ఆమ్లజని తాకిడి నుండి రక్షణ

కణములలో ఆహారము దహనమగునపుడు కొన్ని చురుకైన ఆమ్లజని రూపములు పుట్టును. ఇవి మితిమీరినచో క్రొవ్వులను, మాంసకృత్తులను దెబ్బతీయును. విటమిను సి, విటమిను ఇ, గ్లూటాథయోన్ అను పదార్థములు వీనిని అణచుచు తాము వ్యయమైపోవును. డైహైడ్రో లిపోయిక్ ఆమ్లము తన ఉదజనులను ఇచ్చి, వ్యయమైన విటమిను సి మున్నగువానిని తిరిగి పూర్వరూపమునకు తేగలదు. సి విటమిను లేని ఆహారముతో పెంచిన గినీ పందులలో లిపోయిక్ ఆమ్లము ఆ కొరత లక్షణములు కనబడకుండ చేసినదని 1959 లో ఒక ప్రయోగము వెల్లడించినది.

మధుమేహములో రక్తమందు చక్కెర హెచ్చుటచే ఇట్టి చురుకైన ఆమ్లజని రూపములు అధికమగును. నాడులకు రక్తమునిచ్చు సన్నని నాళములు చెడును. శరీరములో అన్నిటికంటె పొడవైనవి పాదములను చేరు నాడులు. కావున ముందుగా దెబ్బతినునవి వాని కొసలే. ఈ తాకిడిని తగ్గించినచో నాడులకు మేలు కలుగవలెనను ఆలోచనయే చికిత్సకు మూలము.

చికిత్సలో పరీక్షలు

జర్మనీలో మధుమేహపు నాడీవ్యాధికి దీనిని 1960 దశకము నుండియు వాడుచున్నారు. అయితే వాడుకలో ఉండుట వేరు, గుణము నిరూపితమగుట వేరు. మందు గుణమును పరీక్షించుటకు రోగులను జట్లుగా విభజించి, కొందరికి నిజమైన మందును, కొందరికి అదే రూపముననున్న ఉత్తుత్తి మందును ఇత్తురు. ఎవరికి ఏది ఇచ్చినదియు రోగికి గాని, పరీక్షించు వైద్యునికి గాని తెలియనీయరు.

1995 లో ప్రకటింపబడిన అలాడిన్ అను పరిశీలనలో 328 మంది రోగులకు మూడు వారములపాటు సిరలోనికి మందు ఎక్కించిరి. కనీసము నూటికి 30 వంతులు బాధ తగ్గినవారు, 600 మిల్లీగ్రాములు పుచ్చుకొన్న జట్టులో నూటికి 82.5 మంది. 1200 మిల్లీగ్రాముల జట్టులో 70.8, 100 మిల్లీగ్రాముల జట్టులో 65.2. ఇక ఉత్తుత్తి మందు పుచ్చుకొన్నవారిలో 57.6 మంది! ఈ చివరి అంకెను విద్యార్థులు ప్రత్యేకముగా గమనింపవలెను. మందేమియు లేకయే సగముకంటె ఎక్కువమంది తమకు నయముగా ఉన్నదని చెప్పిరి. "ఫలానా మాత్ర వేసికొంటిని, మంట తగ్గినది" అని ఒకరు చెప్పినంత మాత్రమున మందు గుణము ఋజువు కాదని దీని భావము. పోల్చిచూచుటకు రెండవ జట్టు తప్పక ఉండవలెను.

2006 లో రెండవ సిడ్నీ పరిశీలన వెలువడినది. ఇందులో 181 మందికి ఐదు వారములు నోటి ద్వారా మాత్రలు ఇచ్చిరి. బాధల మొత్తము 600 మిల్లీగ్రాముల జట్టులో నూటికి 51 వంతులు, 1200 జట్టులో 48 వంతులు, 1800 జట్టులో 52 వంతులు, ఉత్తుత్తి మాత్రల జట్టులో 32 వంతులు తగ్గినది. మోతాదును మూడింతలు చేసినను గుణము పెరుగలేదు. పెరిగినది డోకు మాత్రమే. అందుచేత దినమునకు 600 మిల్లీగ్రాములు చాలునని నిర్ణయించిరి.

ఇవన్నియు కొలది వారముల పరిశీలనలు. రోగమో ఏండ్లతరబడి ఉండునది. 460 మందిని 4 సంవత్సరములు పరిశీలించిన నేథన్ అను పరీక్షా ఫలితములు 2011 లో ప్రకటింపబడినవి. ముఖ్యమని ముందుగా నిర్ణయించుకొన్న కొలమానములో రెండు జట్లకును చెప్పుకోదగిన తేడా కనబడలేదు. కొన్ని నాడీలోపములు మాత్రము మందు జట్టులో కొంత మెరుగుపడినవి. 2024 లో కాక్రేన్ సంస్థ, 816 మంది పాల్గొన్న మూడు దీర్ఘకాలిక పరీక్షలను కలిపి సమీక్షించి, ఆరు నెలల తరువాత చూచినచో బాధల విషయమున ఈ మందువలన ప్రయోజనము బహుశః స్వల్పము లేక శూన్యమని అభిప్రాయపడినది.

కావున నేటివరకు తెలిసిన సత్యమిది: సిరలోనికి ఎక్కించినపుడు గాని, నోటి ద్వారా ఇచ్చినపుడు గాని కొలది వారములు మంటలు, పోట్లు కొంత ఉపశమించుటకు ఆధారములు కలవు. చెడిన నాడిని ఇది దీర్ఘకాలమున బాగుచేయునని ఋజువు కాలేదు.

విషపు పుట్టగొడుగులను తిన్నవారికి కూడ ఐరోపాలో ఒకప్పుడు దీనిని ఇచ్చిరి గాని, గుణము నిర్ధారణ కాలేదు. పుట్టుకతోనే లిపోయిక్ ఆమ్లమును తయారుచేసికొనలేని అరుదైన శిశువులు కలరు. వారికి దీనిని మందుగా ఇచ్చినను ఫలితముండదు. ఏలయనగా మానవకణము బయటినుండి వచ్చిన లిపోయిక్ ఆమ్లమును తన ఎంజైములకు అతికించుకొనజాలదు. ఈ విషయము మిక్కిలి ముఖ్యమైనది. మ్రింగిన మాత్ర కణములోని 'ఏతము'గా మారదు. కొంతసేపు రక్తములో తిరిగి, ఒక రసాయనికముగా పనిచేసి వెడలిపోవును.

ఔషధ రూపములు

మాత్రలు, క్యాప్సూల్సు: ఇవి సాధారణముగా 100 నుండి 600 మిల్లీగ్రాముల వరకు లభించును. మ్రింగిన మందులో రక్తమున చేరునది నూటికి ఇంచుమించు 20 నుండి 40 వంతులు మాత్రమే. మిగిలినదానిలో చాలభాగమును ప్రేగుల నుండి వచ్చునప్పుడే కాలేయము మార్చివేయును. ఆహారముతో కలిసినచో ఇంకను తగ్గును. అందుచేత భోజనమునకు అరగంట ముందు, పరగడుపున పుచ్చుకొనవలెనని చెప్పుదురు. రక్తములో దీని పాలు అరగంట మొదలు గంటలోపల హెచ్చుస్థాయినందుకొని, ఆపై ప్రతి అరగంటకు ఇంచుమించు సగమగుచు పోవును. ఈ లోపమును సవరించుటకు మెల్లగా విడుదలయగు మాత్రలను కూడ తయారుచేయుచున్నారు.

సూదిమందు: లిపోయిక్ ఆమ్లము నీటిలో కరగదు గనుక దానిని ట్రోమెటమాల్ వంటి క్షారములతో కలిపి లవణముగా మార్చి గాజుబుడ్లలో నింపుదురు. 600 మిల్లీగ్రాములను ఉప్పునీటి ద్రావణములో కలిపి సుమారు అరగంటసేపు సిరలోనికి ఎక్కింతురు. వెలుతురు తగిలినచో ఇది చెడును. అందుచేత సీసాకు వెలుతురు సోకకుండ తొడుగు వేయుదురు. చక్కెరలతో చేరి సులభముగా కరగని పదార్థముల నిచ్చును గనుక గ్లూకోజు ద్రావణములో దీనిని కలుపరాదు. ఇది ఆసుపత్రిలో జరుగవలసిన పని.

ఆర్ రూపము: ప్రకృతిసిద్ధమైన ఆర్ రూపమును మాత్రమే వేరుచేసి కూడ అమ్ముదురు. ఇది రక్తములో ఎస్ రూపముకంటె ఎక్కువగా చేరును. అయితే కొద్దిపాటి వేడికే అణువులు ఒకదానికొకటి అంటుకొని బంకగా మారు స్వభావము దీనికి కలదు. అందుచేత దీనిని సోడియము లవణముగా మార్చి నిలువచేయుదురు.

లేపనము: నూటికి 5 పాళ్ళ లేపనమును 33 మంది స్త్రీల ముఖమున ఒకవైపు మాత్రమే 12 వారములు పూసి చూడగా, ఎండకు ముదిరిన చర్మము కొంత నునుపెక్కినదని 2003 లో ప్రకటించిరి. ఇది చిన్న పరిశీలన.

ఆహారము సంగతి: కాలేయము, మూత్రపిండము, పాలకూర మొదలగువానిలో ఇది కలదు. అయితే ఒక గ్రాము ఎండు పాలకూరలో ఉన్నది సుమారు 3 మైక్రోగ్రాములే. 600 మిల్లీగ్రాములు కావలెనన్నచో 200 కిలోగ్రాముల ఎండు ఆకు, అనగా ఇంచుమించు 2 టన్నుల పచ్చి ఆకు కావలెను! కావున మాత్రలోనిది ఆహారపు మోతాదు కాదు, ఔషధపు మోతాదు.

జాగ్రత్తలు

డోకు, కడుపులో మంట, తల తిరుగుట, చర్మముపై దద్దురులు కొందరికి కలుగవచ్చును. మూత్రమునకు గంధకపు వాసన వచ్చుటయు కలదు. దానికి భయపడ నక్కరలేదు.

మధుమేహపు మందులను, ఇన్సులినును వాడువారిలో ఇది రక్తపు చక్కెరను మరికొంత తగ్గింపవచ్చును. అందుచేత వైద్యునికి తెలియకుండ మొదలుపెట్టరాదు. 1970 లో జపానులో హిరాటా వర్ణించిన ఒక అరుదైన వ్యాధిలో శరీరము తన ఇన్సులినుపై తానే ప్రతిపదార్థములను పుట్టించును. చక్కెర హఠాత్తుగా పడిపోవును. కొన్ని వంశలక్షణములు గలవారిలో లిపోయిక్ ఆమ్లము ఈ వ్యాధిని ప్రేరేపించుట జపానులోను, ఐరోపాలోను కనబడినది. ఐరోపా ఆహార సంస్థ 2021 లో ఈ విషయమై హెచ్చరించినది.

థయమిన్ కొరత గల ఎలుకలకు ఎక్కువ మోతాదు విషప్రాయమైనట్లు ప్రయోగములలో తేలినది. కావున మద్యపానముచే కృశించినవారు ముందుగా థయమిన్ కొరతను తీర్చుకొనవలెను. ఇనుము, కాల్షియము మాత్రలను దీనితో కలిపి ఒకేసారి మ్రింగరాదు. కాన్సరు చికిత్సలో ఉన్నవారు వైద్యుని అనుమతి లేక వాడరాదు. ఈ మాత్రలను పిల్లలకు అందకుండ ఉంచుట అత్యవసరము. పొరపాటున ఎక్కువ మ్రింగిన పిల్లలకు మూర్ఛలు వచ్చి ప్రాణాపాయము కలిగిన సందర్భములు కలవు.

10 టన్నుల కాలేయము నుండి చిటికెడైనను లభింపని ఈ పదార్థము నేడు ప్రతి మందుల అంగడిలోను దొరకుచున్నది. అది మంటకు కొంత ఉపశమనము నీయవచ్చును గాని, పాదమును కాపాడజాలదు. పాదమును కాపాడునవి చక్కెరను అదుపులో ఉంచుకొనుట, చెప్పులు లేక నడువకుండుట, ప్రతిరాత్రి రెండు అరికాళ్ళను వెలుతురులో పరీక్షించుకొనుట. పెద్దవారికి వంగి చూచుకొనుట కష్టము. ఇంటిలో చదువుకొను పిల్లలు ఆ పనిని తాము పెట్టుకొన్నచో, ఏ మాత్రయు చేయలేని మేలు చేసినవారగుదురు.